పాత కంప్యూటరునకు పోయిన భాష



రేడియో నిలయములు వార్తలను, సంగీతమును, నాటకములను, రైతులకు సలహాలను ప్రసారము చేయుట అందరు నెరిగినదే. కాని ఒక ప్రసారసంస్థ తన పేరు పెట్టి ఒక కంప్యూటరును ఇంటింటికి పంపినదన్న సంగతి మన శ్రోతలలో కొలదిమందికే తెలిసియుండును. ఇంగ్లండులోని బి.బి.సి. సంస్థ సామాన్యప్రజలకు కంప్యూటరుతో పరిచయము కలిగింపవలెనని ఒక విద్యాప్రణాళికను సిద్ధము చేసినది. పాఠము టెలివిజనులో, అభ్యాసము ఇంటిలో. అభ్యాసమునకు యంత్రము కావలెను గదా! కేంబ్రిడ్జి నగరములోని ఏకార్న్ అను చిన్న కంపెనీ ఆ యంత్రమును నిర్మించి యిచ్చినది. 1981 డిసెంబరులో యంత్రము వెలువడినది; 1982 జనవరిలో టెలివిజను పాఠములు ప్రారంభమైనవి. 12,000 యంత్రములు అమ్ముడుపోయిన చాలునని మొదట అంచనా వేసిరి. తుదకు ఆ సంఖ్య 15 లక్షలకు చేరినది. దానినే బి.బి.సి. మైక్రో అందురు.

ఆ యంత్రము యొక్క శక్తి యెంత? దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. అనగా 32,768 అక్షరములకు మాత్రమే అందులో చోటు. నేడు మన చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్ల స్థలమును ఆక్రమించును. ఐనను ఆ కొద్ది చోటులోనే పిల్లలు లెక్కలు వేసిరి, బొమ్మలు గీసిరి, ఆటలు కట్టిరి.

మన దేశమునకు ఈ యంత్రము పాఠశాలల ద్వారమున వచ్చినది. భారత ప్రభుత్వము 1984–85లో ‘క్లాస్’ అను ప్రణాళిక క్రింద దాదాపు 250 పాఠశాలలలో బి.బి.సి. మైక్రోలను నెలకొల్పినది. అంతకు పూర్వమే హైదరాబాదులో, 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. అను పేరుతో కంప్యూటర్లను నిర్మించినది. కాని అవి ప్రయోగశాలలకును, కార్యాలయములకును ఉద్దేశింపబడినవి. పిల్లవాడు బల్లమీద పెట్టుకొని మీటలు నొక్కదగినవి కావు. అట్టి యంత్రమును మన పిల్లలు పలువురు మొదటిసారి చూచినది ఈ బి.బి.సి. మైక్రో రూపమున.

ఇప్పుడు ఈ ప్రస్తావన ఏల యని మీరు అడుగవచ్చును. పెద్దపల్లి జిల్లాలో, రామగిరి దుర్గమునకు చేరువలో, సెంటినరీ కాలనీ యను ఊరు కలదు. 1889లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము ఆరంభించిన సింగరేణి గనుల శతవార్షికమును తన పేరులో ధరించిన కాలనీ యది. ఆ కాలనీ నుండి, బొగ్గుబాయిలో చిరకాలము పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి మాకు ఉత్తరము వ్రాసినారు. ఉపాధ్యాయులుగ నుండి కీర్తిశేషులైన ఆయన అన్నగారు, ఒక పాఠశాలవారు తీసివేసిన బి.బి.సి. మైక్రోను కొని తెచ్చుకొని, పిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకై దానిపై ఒక ప్రోగ్రాము వ్రాసిరట. ఆ యంత్రమును, కొన్ని డిస్కులును మిగిలినవి. డిస్కుల మీద ‘అక్షరాలు – బి.సి.పి.ఎల్.’ అని వ్రాసియున్నది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు దగ్గరపడినది. “డబ్బా ఉన్నది, డిస్కులున్నయి, అవి మాట్లాడుత లేవు సారూ. పారేయమంటరా, ఉంచుమంటరా?” అని ఆయన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఆయన కొక్కరికే సమాధానము వ్రాసి ఊరకుండుట మాకు న్యాయముగ తోచలేదు. ఇట్టి పెట్టెలు అటకల మీద మరికొన్ని యిండ్లలోను ఉండవచ్చును. కావున సమాధానమును అందరు వినునట్లుగ చెప్పుచున్నాము. ముందుగా ఒక్క మాట: పారవేయకుడు.

ఇక విషయములోనికి వత్తము. కంప్యూటరునకు మనము వ్రాయు భాష తెలియదు. దానికి తెలిసినది అంకెల భాష యొక్కటే. మన భాషను దాని భాషలోనికి మార్చు సాధనములు రెండు విధములు. మొదటిది సభలోని దుబాసి వంటిది. వక్త ఒక వాక్యము పలుకగనే దుబాసి దానిని అనువదించును. వక్త అదే వాక్యమును పదిమారులు పలికిన, పదిమారులును అనువదించును. దీనిని ఇంటర్‌ప్రెటరు అందురు. బి.బి.సి. మైక్రోలో పుట్టుకతోనే యున్న బేసిక్ భాష ఇట్లే పనిచేయును. రెండవది గ్రంథమును మొదటినుండి తుదివరకు చదివి, అనువాదగ్రంథమును సిద్ధము చేసి యిచ్చు పండితుని వంటిది. పిమ్మట ఆ పండితుడు ఎదుట లేకున్నను అనువాదమును చదువుకొనవచ్చును. దీనిని కంపైలరు అందురు. మన శ్రోత అన్నగారు వాడిన బి.సి.పి.ఎల్. భాషకు కావలసినది ఈ రెండవ సాధనము.

బి.సి.పి.ఎల్. నేడు కొలదిమంది మాత్రమే వాడు భాష. ఐనను దాని వంశము గొప్పది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ రిచర్డ్సు 1966లో దీనిని రూపొందించి, మరుసటి సంవత్సరము అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో దీనికి మొదటి కంపైలరును వ్రాసిరి. దీనినుండి కెన్ థాంప్సన్ 1969లో ‘బి’ భాషను, దానినుండి డెన్నిస్ రిచీ 1970 తరువాతి సంవత్సరములలో ‘సి’ భాషను వెలయించిరి. నేడు ఇంజనీరింగు కళాశాలలలో మన పిల్లలు మొదట నేర్చు ‘సి’ భాషకు బి.సి.పి.ఎల్. తాత వరుస. సి ప్లస్ ప్లస్ భాషలో వ్యాఖ్యకు ముందు గీయు రెండు వాలుగీతలు సైతము ఈ తాత యింటినుండి వచ్చిన సొత్తే.

ఈ భాషయొక్క కంపైలరు నిర్మాణములో ఒక నేర్పు కలదు. అది నేటి మన వెదకులాటకు మిక్కిలి ఉపకరించును. బి.సి.పి.ఎల్. కంపైలరు బి.సి.పి.ఎల్. భాషలోనే వ్రాయబడినది. అది ప్రోగ్రామును నేరుగ ఒక్క యంత్రపు భాషలోనికి మార్చక, మొదట ఒక మధ్యమభాషలోనికి మార్చును. ఆ మధ్యమభాష ఏ యంత్రమునకును సొంతము కాదు. క్రొత్త యంత్రము వచ్చినప్పుడు కంపైలరునంతను తిరిగి వ్రాయ నక్కరలేదు. మధ్యమభాషను గ్రహింపగల చిన్న భాగమును మాత్రము వ్రాసిన చాలును. మామిడికొమ్మను వేరొక మొక్కకు అంటుగట్టినట్లే, భాష క్రొత్త యంత్రముపై చిగురించును.

బి.బి.సి. మైక్రోకును ఇట్లే చేసిరి. 32 కిలోబైట్ల చోటులో కంపైలరును, ప్రోగ్రామును, తెరమీది బొమ్మయును ఇముడవలెను. అందుకై సింట్‌కోడ్ అను మిక్కిలి పొదుపైన మధ్యమభాషను కల్పించిరి. అందులో తరచుగ వచ్చు ఆజ్ఞలు ఒక్కొక్క బైటులోనే యిముడును. సింట్‌కోడును చదువు భాగమును 16 కిలోబైట్ల రోమ్ చిప్పులో నిక్షేపించి, యంత్రము మూత తీసి అమర్చుకొనునట్లు అమ్మిరి. కంపైలరు డిస్కు మీద వచ్చెడిది. తోడుగ ఒక పెద్ద పుస్తకము. చిప్పు, డిస్కు, పుస్తకము – ఈ మూడును కలిసిన గాని భాష పూర్తి కాదు. ఈ సంగతి తెలియక, చిప్పు ఒకచోట, డిస్కు ఒకచోట, పుస్తకము పాత కాగితముల బేరగానిచేతను పోగొట్టుకొనువారే యెక్కువ.

కావున మొదటి వెదకులాట మన యింటిలోనే జరుగవలెను. యంత్రములో బి.సి.పి.ఎల్. చిప్పు ఉన్నచో, అమర్చిన చిప్పుల పేర్లు చూపుమని ఆజ్ఞ యిచ్చినప్పుడు తెరమీద దాని పేరు కనబడును. అట్లే డిస్కులో నున్నది మూలపాఠమా, అనువాదమా యని తేల్చుకొనవలెను. మూలపాఠమనగా ప్రోగ్రామును వ్రాసిన మనిషి తన చేతితో వ్రాసిన రూపము. దానిని మనమును చదువగలము. అనువాదమనగా కంపైలరు తయారుచేసిన అంకెల రూపము. అనువాదము మాత్రమే యున్నచో చిప్పు దొరికిన చాలును, అది నడచును. మూలపాఠము మాత్రమే యున్నచో కంపైలరు తప్పక కావలెను. రెండును ఉన్నచో అదృష్టమే.

కాని తొందరపడి యంత్రమును విద్యుత్తునకు తగిలింపరాదు. బి.బి.సి. మైక్రో విద్యుత్‌పెట్టెలో కరెంటు రొదను వడకట్టు కెపాసిటర్లు కలవు. నాలుగు దశాబ్దముల వయస్సు మీరిన యీ కెపాసిటర్లు చిట్లి, కరెంటు తగిలిన కొద్దిసేపటికే ఘాటైన పొగ చిమ్ముట తరచుగ జరుగుచున్నది. కాలనీలలో విద్యుత్తు పని తెలిసినవారికి కొదువలేదు. అట్టివారిచేత వాటిని ముందుగ మార్పింపుడు. తెలియనివారు ఆ పెట్టెను విప్పరాదు. తీగ ఊడదీసిన పిమ్మటను దానిలో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. ఇక చిప్పు విషయము. కొన్ని చిప్పుల నడుమ చిన్న గాజు కిటికీ వంటిది ఉండును. ఆ కిటికీగుండ అతినీలలోహిత కిరణములు చొచ్చినచో లోపలి వ్రాత చెరగిపోవును. దానిపై అంటించిన కాగితమును పీకకుడు. ఎండలో పెట్టకుడు.

డిస్కులు 5¼ అంగుళముల పల్చని ఫ్లాపీలు. 40 వరుసల డిస్కునకు ఒక్కవైపున 100 కిలోబైట్లు పట్టును. వాటిపై బూజు ఉన్నదేమో వెలుతురులో చూడవలెను. బూజు పట్టిన డిస్కును త్రిప్పినచో డిస్కును, చదువు యంత్రమును రెండును చెడును. ఈ డిస్కుల వ్రాతపద్ధతి నేటి సామాన్య కంప్యూటర్లకు అందదు. అందుకై గ్రీస్‌వీజిల్ అను చిన్న పరికరము నొకదానిని పాత డిస్కు డ్రైవునకును, నేటి కంప్యూటరునకును నడుమ తగిలించి, డిస్కు మీది అయస్కాంతపు గుర్తులను ఉన్నవున్నట్లుగ నకలు తీయుదురు. ముందు నకలు, పిమ్మట పరీక్ష. ఇది మరువరాని సూత్రము.

కొన్ని యిండ్లలో డిస్కులకు బదులు క్యాసెట్లు ఉండవచ్చును. పాటల క్యాసెట్టే, కాని పాట యుండదు. మ్రోయించిన కీచుమను ధ్వని వినబడును. ఆ ధ్వనిలోనే ప్రోగ్రాము దాగియున్నది. సున్నకు సెకనునకు 1,200 కంపనముల స్వరము, ఒకటికి 2,400 కంపనముల స్వరము. ఒక్కొక్క అక్షరమునకు పది గుర్తులు. ఈ లెక్కన సెకనునకు 120 అక్షరములు. 16 కిలోబైట్ల ప్రోగ్రామునకు రెండు నిమిషములకు పైబడి పట్టును. ధ్వనియే కావున దానిని రేడియోలోను ప్రసారము చేయవచ్చును గదా యని కొందరికి తోచినది. 1980 ప్రాంతముల హాలెండు రేడియోవారు కంప్యూటరు ప్రోగ్రాములను ఇట్లు ధ్వనిరూపమున ప్రసారము చేయగా, శ్రోతలు టేపురికార్డరులో పట్టుకొని తమ యంత్రములకు వినిపించిరి. భిన్నభిన్న కంపెనీల యంత్రములు గ్రహింపగల ఉమ్మడి పద్ధతికి బేసికోడ్ అని పేరు పెట్టిరి. బి.బి.సి. రేడియోయును ఆ బాటనే నడచినది. మా వృత్తిలోనివారు ఒకప్పుడు మనుష్యులకే గాక యంత్రములకును ప్రసంగించిరన్నమాట! అట్టి ధ్వనిని నకలు తీయునప్పుడు రొద తగ్గించు మీటలు వాడరాదు; మనకు రొదగ తోచునది యంత్రమునకు అక్షరము.

ఇంటిలో కంపైలరు దొరకనిచో ఏమి చేయవలెను? బి.సి.పి.ఎల్. విషయములో మనము అదృష్టవంతులము. భాషను సృష్టించిన రిచర్డ్సుగారే తమ కంపైలరును కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు తమ పుటలో ఎల్లరకు ఉచితముగ నుంచిరి. రాస్ప్‌బెర్రీ పై అను చవుక కంప్యూటరు మీద ఈ భాషను నేర్చుకొనుటకు పిల్లలకై ఒక పుస్తకము సైతము వ్రాసిరి. అసలు బి.బి.సి. మైక్రోనే నేటి కంప్యూటరులో అనుకరించి చూపు బీబెమ్ వంటి ప్రోగ్రాములును కలవు. నేటి తెరమీద ఆనాటి తెర తెరచుకొనును; డిస్కు నకలును దానికి అందించిన, అది ఆనాటి యంత్రమువలెనే చదువును.

ఈ రెండు మార్గములకు భేదము కలదు. నేటి బి.సి.పి.ఎల్. లో ఒక్కొక్క సంఖ్యకు 32 గుర్తులో, 64 గుర్తులో చోటుండును. ఆనాటి బి.బి.సి. మైక్రోలో 16 గుర్తులే. 32,767 దాటిన సంఖ్య తిరుగబడి ఋణసంఖ్య యగును. అంతేగాక, తెరమీద అక్షరములను చిత్రించుటకు ఆ యంత్రమునకు సొంతమైన ఆజ్ఞలు కలవు. తెలుగు అక్షరమును చూపవలెననిన, అడ్డముగ 8, నిలువుగ 8 చుక్కల గడిలో ఏ చుక్క వెలుగవలెనో, ఏది ఆరవలెనో సంఖ్యలలో చెప్పవలెను. సాధారణ స్థితిలో ఇట్టి క్రొత్త రూపములు 32 మాత్రమే ఒకేసారి ఇముడును. మన ‘ఋ’వంటి వెడల్పాటి అక్షరము ఒక్క గడిలో పట్టదు, రెండు గడులు జోడింపవలెను. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు – ఇన్నిటిని 32 గడులలో ఎట్లు సర్దినారో ఆ ఉపాధ్యాయుని మూలపాఠములోనే తెలియవలెను. కావున ఇట్టి ప్రోగ్రామునకు బీబెమ్ వంటి అనుకరణయో, అసలు యంత్రమో కావలెను గాని, నేటి కంపైలరు మాత్రము చాలదు. ఐనను మూలపాఠమును చదువుటకు, తప్పులను పరీక్షించుటకు నేటి కంపైలరు ఎంతయు ఉపకరించును.

చట్టము మాటయేమి యని సందేహింపవచ్చును. 1957 నాటి మన కాపీరైటు చట్టము, 1994లో జరిగిన సవరణ పిమ్మట, కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని న్యాయముగ కలిగియున్నవాడు అది నష్టపోకుండ రక్షణకై నకలు తీసికొనుటకు అనుమతించుచున్నది. కాని తీసిన నకలును అమ్ముకొనుటకు ఆ అనుమతి వర్తింపదు. అన్నగారు వ్రాసిన ప్రోగ్రాము విషయములో హక్కు ఆ కుటుంబమువారిదే; దానిని పదిమందికి పంచవచ్చునా యని నిర్ణయింపవలసినవారును వారే.

ఇంత శ్రమ ఏల, అక్షరములు నేర్పు ప్రోగ్రాములు నేడు ఫోనులో కోకొల్లలు గదా యని కొందరనవచ్చును. ఒక ఉదాహరణము చెప్పెదము. 1086లో ఇంగ్లండు రాజు తన దేశములోని భూములకు, పశువులకు లెక్క వ్రాయించిన డూమ్స్‌డే గ్రంథము తోలు పుటలపై నేటికిని చదువ వీలుగ నున్నది. దాని తొమ్మిదివందల యేండ్ల పండుగకు 1986లో బి.బి.సి. సంస్థ దేశములోని బడిపిల్లలచేత తమ తమ ఊళ్ళను గూర్చి వ్రాయించి, లేజరు డిస్కులలో నిక్షేపించినది. చదువుటకు బి.బి.సి. మైక్రో జాతి యంత్రమునే వాడిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ యంత్రములు అరుదై, డిస్కులు చదువువారు లేకపోయిరి. 2002 ప్రాంతమున విశ్వవిద్యాలయముల పరిశోధకులు ప్రత్యేకముగ అనుకరణ యంత్రమును నిర్మించి ఆ వ్రాతలను తిరిగి తెరమీదికి తేవలసివచ్చినది. తొమ్మిదివందల యేండ్ల తోలు మాట్లాడుచుండగా, పదునైదేండ్ల డిస్కు మూగవోయినది!

మన సాహిత్యములోను ఇట్టి కథ కలదు. నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దములపాటు ఎవరికిని తెలియక తాళపత్రములలో నణగియుండగా, మానవల్లి రామకృష్ణకవిగారు వెలికి తెచ్చి 1909లో ప్రకటించిరి. అది నిలిచినది ఎట్లు? పేరు తెలియని లేఖకుడెవడో, శిథిలమగుచున్న ప్రతిని చూచి క్రొత్త ఆకులపై నకలు వ్రాసినందువలన. తాటియాకు మన్నిక కొలది. నకలు వ్రాయు అలవాటు మన్నిక పెద్దది. డిస్కులకును ఇదే న్యాయము.

గనుల ప్రాంతమున ఈ మాటకు మరింత బరువు కలదు. క్వార్టరు కంపెనీది, ఉద్యోగవిరమణతో దానిని విడిచిపోవలెను. ముప్పది, నలువది యేండ్ల సంసారమును ఒక్క లారీలోనికి ఎక్కించు దినమున, మంచమునకు, బీరువాకు చోటు దొరకును గాని, ఏమిటో తెలియని డిస్కుల పెట్టెకు దొరకదు. బొగ్గుబాయిలో దిగినవారి జీవితములను గూర్చి జీతపు పట్టీలలో, హాజరు పుస్తకములలో వ్రాత మిగులును. ఆ యింటిలో ఒకడు కూర్చుండి, తన పిల్లలకు ‘అ ఆ’లు నేర్పుటకు రాత్రులు వెచ్చించి చుక్కచుక్కగ అక్షరములు కూర్చినాడన్న సంగతి ఏ రికార్డులో నుండును? ఆ డిస్కులోనే యుండును.

కావున సెంటినరీ కాలనీ మిత్రునకును, అట్టి పెట్టెలు గల ఇతర శ్రోతలకును మా మనవి యిది. యంత్రము బరువైనదై తీసికొనిపోలేకున్నను, డిస్కులను, చిప్పును, పుస్తకమును వేరుచేసి ఒక పొడి డబ్బాలో నుంచుడు. అయస్కాంతములకును, స్పీకర్లకును దూరముగ నుంచుడు. ఎవరు వ్రాసిరి, ఏ యేట వ్రాసిరి, ఏ యంత్రమున కొరకు, ఏ భాషలో – ఈ నాలుగు సంగతులు కాగితముపై సిరాతో వ్రాసి లోపల పెట్టుడు. యంత్రములు మారినను కాగితము చదువుటకు కన్నులు చాలును. మంథని జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల ఆ కాలనీలోనే నెలకొనియున్నది. నేటి ఫోనులలో పనిచేయు ఆర్మ్ ప్రాసెసరును 1985లో తొలుత రూపొందించినది సైతము ఈ బి.బి.సి. మైక్రోను నిర్మించిన ఏకార్న్ కంపెనీయే కావున, కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థులకు ఈ యంత్రము తమ విద్యకు మూలపురుషుని వంటిది. డిస్కు నకలు తీయుట, కంపైలరును కుదుర్చుట, మూలపాఠమునకు వ్యాఖ్య వ్రాయుట – ఈ పని వారికి ఒక సంవత్సరపు పరీక్షాంశముగ సరిపోవును. అడిగిన కాదనరని మా నమ్మకము.

నకలు ఒకటి ఇంటిలో, ఒకటి బంధువులయింట, ఒకటి గ్రంథాలయములో నుంచుడు. అయిదేండ్ల కొకమారు తెరచి, చదువ వీలుగ నున్నదో లేదో చూచి, క్రొత్త నకలు తీయుడు. ఈ అలవాటు ఉన్న యింటిలో ఏ వ్రాతయు మూగవోదు.